హైమావతి గారి మెటల్ టేపు

మా క్లినిక్‌లో పిల్లలు కూర్చునే గది మూలన ఒక చిన్న బల్ల ఉంది. వినికిడి పరీక్షకు తమ వంతు వచ్చేదాకా బొమ్మలు గీసుకుంటారని దాని మీద తెల్ల కాగితాలు, మైనపు రంగుల పెట్టెలు పెడుతుంటాను. మొన్న సోమవారం కొత్త పెట్టె ఒకటి విప్పాను. మూత తెరవగానే వచ్చిన వాసనకు అలాగే నిలబడిపోయాను. ఆ వాసన ఎవరికైనా చిన్నప్పటి బడిని గుర్తుకు తెస్తుంది. నాకు మాత్రం బందరులో ఒక మేడ మీది గది గుర్తుకొచ్చింది. సీలు విప్పిన కొత్త క్రోమ్ క్యాసెట్టును ముక్కు దగ్గర పెట్టుకుంటే అచ్చం మైనపు రంగుల వాసనే వస్తుంది. ఈ సంగతి ఇప్పుడు ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. నాకు చెప్పింది హైమావతి గారు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఆవిడ నా ముందు మూడు క్యాసెట్లు పెట్టి, "కళ్లు మూసుకుని వాసన చూడు సుభద్రా. క్రోమ్ ఏదో చెప్పు," అన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. చెప్పేదాకా వదల్లేదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. భౌతికశాస్త్రంలో డిగ్రీ చేతికొచ్చింది కానీ దానితో ఏం చేయాలో తెలియలేదు. గుడివాడ నుంచి పొద్దున ప్యాసింజర్ బండిలో బందరు వెళ్లి, సాయంత్రం బండికి ఇంటికి తిరిగొచ్చే ఉద్యోగమని చెబితే మా ఇంట్లో ఒప్పుకున్నారు. బస్టాండుకు వెళ్లే రోడ్డులో ఒక బట్టల కొట్టు పైన ఉండేది ఆవిడ రికార్డింగ్ సెంటర్. అంతకు ముందు హైమావతి గారు చాలా ఏళ్లు కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేశారు. ఆ ఉద్యోగం వదిలేసి, దాచుకున్నదంతా పెట్టి క్యాసెట్లు ఎక్కించే మంచి టేప్ డెక్కులు రెండు కొన్నారు. నేత చీర, ఎడమ చేతికి మగవాళ్ల గడియారం, చెవి మీద పెన్సిలు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు ఎవరికీ ఇవ్వలేదు. ఊళ్లో మిగతా సెంటర్లలో పాటల జాబితా ఇచ్చి టీ తాగి వచ్చేసరికి క్యాసెట్టు తయారుగా ఉండేది. ఈవిడ దగ్గర గంట పాటలు గంట సేపు వింటూ ఎక్కించాల్సిందే. "వినకుండా ఎక్కించడానికి మనం ఎందుకు? మిషన్ చాలు," అనేవారు.

టేపుల గురించి ఆవిడ చెప్పిన పాఠం నాకు ఇప్పటికీ ఆవిడ గొంతులోనే వినిపిస్తుంది. "మామూలు క్యాసెట్టులో ఉండేది తుప్పు. ప్లాస్టిక్ రిబ్బను మీద ఇనుప తుప్పు పూసి, దాని మీద మనిషి గొంతు దాస్తున్నాం. మాటలా?" అనేవారు మురిపెంగా. గోధుమ రంగులో ఉండే ఆ టేపు సినిమా పాటలకు, పెళ్లి సన్నాయికి, ఉపన్యాసాలకు సరిపోతుంది. నల్లగా మెరిసేది క్రోమ్. సన్నని ధ్వనులు, వీణ తీగ చివర్లో మిగిలే జీర లాంటివి దాని మీద బాగా నిలుస్తాయి. అన్నిటికన్నా ఖరీదైనది మెటల్ టేపు. "అది తుప్పు పట్టనివ్వని ఇనుము. దాని మీద రాయాలంటే గట్టిగా రాయాలి. రాసింది చెరపాలన్నా అంతే గట్టి మిషన్ కావాలి," అని చెప్పారు. మెటల్ టేపులు బందరులో దొరికేవి కావు. మద్రాసు బర్మా బజారులో తెలిసినాయన ఒకరు ఉన్నప్పుడల్లా నాలుగైదు పంపేవాడు. వాటిని ఆవిడ బీరువాలో బట్టల మధ్య పెట్టుకునేవారు. డెక్కు మీద ఏ టేపుకు ఆ టేపు ఎంచుకోవడానికి నాలుగు స్థానాల స్విచ్చు ఒకటి ఉండేది. అందులో మూడో స్థానాన్ని మేమెప్పుడూ వాడలేదు. అడిగితే, తుప్పు మీద క్రోమ్ కలిపి రెండు పూతలు వేసిన టేపు ఒకటి వచ్చిందనీ, కొన్నేళ్లకే తయారీ ఆపేశారనీ చెప్పారు. "ఈ స్విచ్చు పెట్టినవాళ్లు ఆ టేపు ఎప్పటికీ ఉంటుందనుకున్నారు పాపం," అన్నారు దాన్ని వేలితో తడుముతూ.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు నాగాయలంక దగ్గరి పల్లె నుంచి ఇద్దరు వచ్చారు. సముద్రం మీద వేటకు వెళ్లే నాగరాజు, అతని తల్లి నాంచారమ్మ. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. మెట్లెక్కి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది, కుర్చీ వేసినా కూర్చోలేదు. నాగరాజే మాట్లాడాడు. "మా అమ్మకి గొంతులో పుండండి. వచ్చే వారం ఆపరేషనంటండి. గొంతు తీసేత్తారంట. పేణానికి పర్లేదు గానీ ఇంక మాట మాత్తరం రాదని చెప్పేశారు. ఆ మాటేదో ఒక క్యాసెట్టులో పట్టి ఇత్తారేమోనని వచ్చామండి. మామూలు క్యాసెట్టు చాలండి."

హైమావతి గారు లోపలికెళ్లి బీరువా తెరిచారు. మెటల్ టేపులు అప్పటికి రెండే మిగిలాయి. అందులో ఒకటి తెచ్చి విప్పారు. దాన్ని ఊళ్లోని సంగీతం మాస్టారు ఒకాయన కచేరీ కోసం ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఆ మాటే నేను చెవిలో చెప్పాను. "ఆయన వచ్చే ఏడు కూడా పాడతారు," అన్నారు.

మైకు ముందు కూర్చోబెడితే నాంచారమ్మ బిగుసుకుపోయింది. ఏం చెప్పాలి, దేవుడి పాటా, బుద్ధిమాటలా అని కొడుకును అడిగింది. అతనికీ తెలియలేదు. హైమావతి గారు కుర్చీ దగ్గరకు జరుపుకుని, "మీరు రోజూ ఇంట్లో ఏం మాట్లాడతారో అదే మాట్లాడండి నాంచారమ్మ గారూ. పొద్దున లేచి ముందు ఎవర్ని పిలుస్తారు?" అన్నారు. 'గారూ' అన్నందుకో ఏమో, ఆవిడ ముందు నవ్వింది. తర్వాత మనవరాలు దుర్గను పిలిచినట్టు పిలిచింది. గంప నెత్తిన పెట్టుకుని వీధిలో అరిచినట్టు పండుగప్పలూ బొమ్మిడాయిలూ అని అరిచింది. కొడుకును తిట్టింది, చచ్చిపోయిన మొగుణ్ని ఇంకా గట్టిగా తిట్టింది. అప్పటికే బొంగురుపోయిన గొంతు. మధ్యమధ్య దగ్గు. నలభై నిమిషాలయ్యాక, "ఇంక ఆపెయ్యండమ్మా, సిగ్గేత్తంది," అంది. అది కూడా టేపు మీద పడింది.

రికార్డింగ్ ముగిశాక చేయాల్సిన పని ఒకటుంది. క్యాసెట్టు వెనక అంచున, రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటిని విరిచేస్తే ఇంక ఆ క్యాసెట్టు మీద ఎవరూ పొరపాటున కూడా కొత్తగా రికార్డు చేయలేరు. ఆ పని నాది. క్యాసెట్టుకు పేరు రాసి, రెక్కలు విరిచి, పెట్టెలో పెట్టి ఇవ్వాలి.

ఎనిమిది నెలల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ముగ్గురు. నాంచారమ్మ మెడకు తెల్లగుడ్డ కట్టుకుని ఉంది. ఆ గుడ్డ వెనక నుంచి ఊపిరి వచ్చిపోయే చప్పుడు వినిపిస్తోంది. మనిషి కోలుకుంది, మాట లేదు. పక్కన పదేళ్ల పిల్ల, దుర్గ. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. నాగరాజు క్యాసెట్టు బల్ల మీద పెట్టాడు. "ఈ ముదనష్టపు పిల్ల రేడియోలో పాటలు దీని మీద ఎక్కించేసిందండి. మొత్తం పోయింది. కొట్టాను. కొడితే ఏవొత్తది?" అన్నాడు.

హైమావతి గారు క్యాసెట్టు తిప్పి చూశారు. వెనక అంచున రెండు రెక్కలూ అలాగే ఉన్నాయి. నేను కూడా చూశాను. ఆ రోజు పేరు రాస్తూ నాంచారమ్మ తిట్లు తలుచుకుని నవ్వుకోవడం గుర్తుంది. విరవడం మరిచిపోయాను. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసి, వాళ్ల వైపు తిరిగి, "ఇవి విరిచి ఇవ్వాల్సింది మేమండీ. విరవలేదు. విరిచి ఉంటే పాప ఎక్కిద్దామన్నా ఎక్కేది కాదు. తప్పు మాది. పాపని ఏమీ అనకండి," అన్నారు. నాగరాజుకు సగం అర్థమైంది, సగం కాలేదు. క్యాసెట్టు కొన్నాళ్లు తన దగ్గర ఉంచమనీ, ఏమైనా దక్కుతుందేమో చూస్తాననీ, ఆశ మాత్రం పెట్టుకోవద్దనీ చెప్పి పంపించారు.

వాళ్లు మెట్లు దిగాక నేను తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. "ఎవరు విరవలేదో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఇంక దాని గురించి నేను మాట్లాడను. హెడ్‌ఫోన్ తీసుకో," అన్నారు ఆవిడ. తర్వాత, పాఠం చెబుతున్నట్టే నెమ్మదిగా చెప్పారు. ఇళ్లలో వాడే టేప్ రికార్డర్లు మామూలు టేపు కోసం చేసినవి. అందులో పాతదాన్ని చెరిపే భాగానికి మెటల్ టేపును పూర్తిగా తుడిచేంత బలం ఉండకపోవచ్చు. కొత్త పాటలు పైన పడతాయి, కింద పాత గొంతు ఎంతో కొంత మిగిలి ఉండవచ్చు. పాట నడుస్తున్నంతసేపూ అది వినిపించదు. పాటకూ పాటకూ మధ్య, రేడియో ఆగిన ఆ నాలుగైదు క్షణాల్లో వెతకాలి.

దాదాపు మూడు వారాలు వెతికాం. సెంటరు పని చూసుకుంటూనే రోజుకు రెండు గంటలు దానికి కేటాయించాం. మొదటి నాలుగు రోజులు నాకు బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు. అయిదో రోజు ఒకచోట గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు అనిపించింది. ఆత్రంగా 'దుర్గా' అని రాసేశాను. నాకు అదే కావాలి మరి. ఆ పిల్ల పేరు నాయనమ్మ నోట దొరికితే నా పాపం తీరిపోతుందనుకున్నాను. హైమావతి గారు ఆ ముక్కను పదిసార్లు విని తల అడ్డంగా ఊపారు. "అది దగ్గు సుభద్రా. నువ్వు వినాలనుకున్నది విన్నావు. అలా అయితే మనం ఆవిడ గొంతు దక్కించినట్టు కాదు, మనం కల్పించి ఇచ్చినట్టు," అన్నారు. అప్పటినుంచి పద్ధతి మార్చారు. ఇద్దరం వేరువేరుగా వినాలి, వేరువేరు కాగితాల మీద రాసుకోవాలి. రెండింట్లోనూ ఒకే మాట ఉంటేనే లెక్క. నా జీవితంలో అంత కష్టపడి ఏ పరీక్షా రాయలేదు. వినపడని చోట గీత గీసి వదిలేయడానికి ఎంత ధైర్యం కావాలో ఆ రోజుల్లో తెలిసింది. చివరికి పదకొండు ముక్కలు మిగిలాయి. వాటిని వీలైనంత శుభ్రం చేసి, గొంతు కాస్త పైకి ఎత్తి, కొత్త క్రోమ్ క్యాసెట్టులోకి ఎక్కించాం. అన్నీ కలిపినా ఒక నిమిషం లేదు. అందులో దుర్గ పేరు లేదు.

క్యాసెట్టు ఇవ్వడానికి ఇద్దరమే నాగాయలంక బస్సెక్కాం. చల్లపల్లి, మోపిదేవి దాటి కృష్ణ వంతెన మీదకు వచ్చాక ఆవిడ అన్నారు: "ఆ రోజు షాపులో 'మాది' అన్నాను. షాపు నాది కాబట్టి అది నా బాధ్యత. ఇవాళ నేను ఏమీ అనను." నాకు అర్థమైంది. అవనిగడ్డ వచ్చేదాకా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటుంటే ఒక్కటీ నిలబడలేదు.

వాకిట్లో వలలు ఆరేసిన ఇల్లు వాళ్లది. అందరూ అరుగు మీదికి వచ్చాక, ముందు క్యాసెట్టు వేయకుండా నేను దుర్గ ముందు కూర్చున్నాను. ఆ రెక్కల సంగతి చెప్పి, అవి విరవాల్సింది నేనేననీ, మరిచిపోయాననీ, పాటలు ఎక్కడం తన తప్పు కాదనీ చెప్పాను. ఆ పిల్ల నన్ను, వాళ్ల నాన్నను మార్చి మార్చి చూసింది. "మరి మా నాన్న నన్ను కొట్టాడుగా?" అంది.

"అవును, నా వల్లే నువ్వు దెబ్బలు తిన్నావు," అన్నాను. నాగరాజు లేచి వచ్చి పిల్లను దగ్గరకు లాక్కున్నాడు. హైమావతి గారు అన్నమాట ప్రకారం నోరు విప్పలేదు. ఆవిడ కాస్త మాట సాయం చేస్తే బావుండునని అప్పుడు ఎంతగా అనుకున్నానో చెప్పలేను. చేయనందుకు తర్వాత ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో కూడా చెప్పలేను.

క్యాసెట్టు వేశాం. బుసబుసల మధ్య నుంచి, చాలా దూరాన్నుంచి, "...బొమ్మిడాయిలో..." అన్న కేక. తర్వాత సగం తిట్టు. ఒక నవ్వు. ఇంకో నవ్వు. చివర్లో "సిగ్గేత్తంది". నాంచారమ్మ మెడ మీది గుడ్డను చేత్తో పట్టుకుని వింటోంది. ఆ చివరి మాట రాగానే భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కంగారుపడ్డాను. నవ్వుతోంది. చప్పుడు లేని నవ్వు, కళ్ల వెంట నీళ్లు వచ్చేంత నవ్వు. పెదాలు కదిపి ఏదో అంది. మాకెవరికీ అర్థం కాలేదు. దుర్గ వెంటనే, "ఇంకోసారి ఎయ్యమంటందండి," అంది. మళ్లీ వేశాం. మళ్లీ పెదాలు కదిలాయి. "మొగుణ్ని తిట్టింది దొరకలేదా అంటంది," అంది పిల్ల. ఆ ఇంట్లో నవ్వనివాళ్లు లేరు. మేము లేవబోతే నాంచారమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, కంచం వేసినట్టు సైగ చేసింది. ఆ మాట అర్థం కావడానికి దుర్గ అవసరం లేకపోయింది.

తిరుగు బస్సులో హైమావతి గారు, "ఆ పిల్లని చూశావా? నాయనమ్మ పెదాలు చూసి మాట పట్టుకుంటోంది. గొంతు లేనివాళ్లకు మాట నేర్పే చదువులున్నాయట. చెవుల చదువూ అందులోనే. కనుక్కుంటాను," అన్నారు. ఆవిడ కనుక్కుంటానంటే కనుక్కున్నట్టే.

ఆ మరుసటి ఏడాదే బర్మా బజారు ఆయన నుంచి ఉత్తరం వచ్చింది. మెటల్ టేపులు ఇంక రావు, ఎక్కడా తయారు చేయడం లేదట, మంచి క్రోమ్ కూడా కరువవుతోందట. నేను దిగులుపడ్డాను. ఆవిడ ఉత్తరం మడిచి పెట్టి, బస్సులో అన్న ఆ చెవుల చదువుకు దరఖాస్తు కాగితాలు నా ముందు పెట్టారు. బందరు వదిలి వెళ్లనన్నాను. మీరొక్కరే ఎలా చూసుకుంటారన్నాను. "నా షాపు మూతపడుతోందని నువ్వు కూడా మూతపడతావా?" అన్నారు. అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు మధ్యాహ్నం పూట నాకు ధ్వని పాఠాలు చెప్పారు. సీటు వచ్చిందని తెలిసిన రోజు బీరువాలో మిగిలిన ఆ ఒక్క మెటల్ టేపు సంగీతం మాస్టారుకు కబురంపి ఇచ్చేశారు. నాకిస్తారని లోలోపల ఆశపడ్డాను. "నీకెందుకు? నువ్వు ఇకనుంచి మనుషులతో పని చేస్తావు," అన్నారు.

నేను చదువు ముగించి గుడివాడలో క్లినిక్ పెట్టేనాటికి ఆవిడ దగ్గర గోధుమ రంగు టేపులు మాత్రమే మిగిలాయి. ఇంకొన్నాళ్లకు అవి కొనేవాళ్లూ లేకపోయారు. డెక్కులు రెండూ కాలేజీ ల్యాబుకు ఇచ్చేసి, ఉయ్యూరులో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. బాధపడ్డారా అంటే, నా ఎదుట పడలేదు. "ముప్పై ఏళ్లలో ఇంత పని చేసి పెట్టిన తుప్పు ఇంకెక్కడుంది?" అని మాత్రం ఒకసారి అన్నారు.

పోయిన ఏడాది ఆవిడ కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందు నా దగ్గరకు పరీక్షకు వచ్చారు. నేను చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నాను. చాలామంది పెద్దవాళ్లు బాగా వినిపిస్తోందని చూపించుకోవడానికి ఊహించి నొక్కేస్తారు. ఆవిడ ఒక్కసారి కూడా ఊహించలేదు. సన్నని ధ్వనులు దాదాపు అన్నీ పోయాయి. నేను మాట తిప్పి, వయసుతో వచ్చేదే, కంగారేం లేదు అంటుంటే చెయ్యి చాపారు. "గ్రాఫు ఇటివ్వు." కళ్లజోడు సవరించుకుని గీత ఎక్కడ కిందికి జారిందో వేలితో చూపించి, "వీణ ఇంక లేదన్నమాట," అన్నారు. అంతే.

వినికిడి మిషను అమర్చడానికి ఆవిడ వెనక నిలబడ్డాను. తెల్లజుట్టు పక్కకు తప్పించి, చెవి వెనక దాన్ని సర్దుతుంటే నాకు ఏమైందో తెలియదు. ఇన్నేళ్లుగా చెప్పని మాట నోటికొచ్చింది. "మేడమ్, మీరు లేకపోతే నేను ఇక్కడ ఉండేదాన్ని కాదు," అన్నాను. ముఖం కనిపించని చోటు నుంచి చెప్పడం తేలిక. ఆవిడ తల తిప్పకుండా, "ఏదో అన్నావు. సరిగా పడలేదు. ఎదురుగా వచ్చి చెప్పు," అన్నారు.

నిజంగా వినిపించలేదో, వినిపించే అలా అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. కుర్చీ చుట్టూ నడిచి వచ్చాను. నాలుగడుగుల దూరం. స్టూలు లాక్కుని ఆవిడ మోకాళ్లకు ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ నా పెదాల వైపు, తర్వాత నా కళ్లలోకి చూస్తూ ఆగారు. మాట మొత్తం, మొదటి నుంచి, మళ్లీ చెప్పాను.